ఎలుకకు తగ్గిన చక్కెర మనకూ తగ్గుతుందా?

"ఎలుకల్లో చక్కెర వ్యాధి మాయం!" అనే వార్త తరచు ఏదో ఒక పత్రికలో కనిపిస్తూనే ఉంటుంది. ఫలానా ఆకు రసంతో ఎలుకల రక్తంలో చక్కెర సగానికి సగం పడిపోయిందని చదవగానే, ఇంట్లో ఎవరో ఒకరు ఆ ఆకు కోసం బయలుదేరతారు. అంతవరకైతే ఫరవాలేదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు పక్కన పెట్టి ఆ రసమే తాగేవాళ్లూ ఉన్నారు. ప్రమాదమంతా అక్కడే. అసలు ఎలుకకు చక్కెర పరీక్ష ఎలా చేస్తారో తెలుసుకుంటే అలాంటి వార్తను ఎంతవరకు నమ్మాలో బోధపడుతుంది. మనం ఇంట్లో చేసుకునే పరీక్షకూ అందులో ఒక పాఠం ఉంది.

ఎలుకే ఎందుకు?

తిన్న తిండి చక్కెరగా మారి రక్తంలో చేరడం, క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ ఊరడం, అది చక్కెరను కండరాల్లోకి, కొవ్వులోకి పంపడం ఎలుకలోనూ ఇంచుమించు మనలాగే జరుగుతాయి. అమెరికాలోని జాక్సన్ లేబరేటరీలో 1949లో విపరీతంగా బలిసిన చిట్టెలుకలు కొన్ని తారసపడ్డాయి. వాటిలో కొరవడినది లెప్టిన్ అనే హార్మోనని 1994లో తేలింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనూ పుట్టుకతోనే స్థూలకాయం వచ్చే పెద్దెలుకల వంశం 1990లలో బయటపడింది. ఇలాంటి జీవుల వల్లే స్థూలకాయానికీ చక్కెరకూ ఉన్న సంబంధం చాలావరకు అర్థమైంది.

తోక చివర ఒక చుక్క

చిట్టెలుక బరువు సుమారు 25 గ్రాములు. దాని ఒంట్లోని రక్తమంతా కలిపినా 2 మిల్లీలీటర్లు, అంటే అర టీస్పూను కూడా ఉండదు. మనకు తీసినట్టు సిరంజితో తీస్తే అది బతకదు. అందుకే తోక చివర చిన్న గాటు పెట్టి, ఒక్క చుక్కను గ్లూకోమీటరు పట్టీకి అంటిస్తారు. క్షణాల్లో అంకె వస్తుంది. పని ఇంతే. ఆ అంకె నమ్మదగినదేనా అన్నదే అసలు చిక్కు.

మొదటి చిక్కు భయం. కొత్త చెయ్యి పడగానే ఎలుక బెదిరిపోతుంది. అడ్రినలిన్ ఊరుతుంది. కాలేయం తన నిల్వలోని చక్కెరను రక్తంలోకి వదులుతుంది. రోగం లేకపోయినా అంకె పైకి పోతుంది. పోనీ మత్తు ఇద్దామంటే, కొన్ని మత్తుమందులు కూడా చక్కెరను పెంచుతాయి. అందుకే జాగ్రత్తపరులైన పరిశోధకులు పరీక్షకు కొన్ని రోజుల ముందునుంచే ఎలుకలను చేతికి అలవాటు చేస్తారు.

రెండోది పరగడుపు. మనకు రాత్రి నిద్రలోనే ఉపవాసం గడిచిపోతుంది. ఎలుకకు రాత్రే భోజనాల వేళ! సాయంత్రం నుంచి పొద్దుటిదాకా 16 గంటలు మేత తీసేస్తే కాలేయంలో నిల్వ దాదాపు ఖాళీ అవుతుంది. ఒంటి బరువులో పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి తగ్గిపోతుంది. అది పరగడుపు కాదు, కటిక పస్తు. పైగా అంత పస్తు తర్వాత ఎలుకలో ఇన్సులిన్ మరింత చురుగ్గా పనిచేస్తుంది. మనిషిలో జరిగేది ఇందుకు విరుద్ధం. కనుక చాలా ప్రయోగశాలల్లో పొద్దున్నే మేత తీసి, 5, 6 గంటల తర్వాత పరీక్ష చేస్తారు.

మూడోది గ్లూకోజు మోతాదు. మనకు 75 గ్రాములు నీళ్లలో కలిపి తాగిస్తారు. ఎలుకకు కిలో బరువుకు 1 లేక 2 గ్రాముల లెక్కన ఇచ్చి, 15, 30, 60, 120 నిమిషాలకు చూస్తారు. బలిసిన ఎలుకకు ఈ లెక్కన ఎక్కువ గ్లూకోజు పడుతుంది. దాంతో దాని వ్యాధి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు.

అంకె ఒకటే, అర్థం వేరు

పరగడుపున 126, అంతకు పైన రెండుసార్లు వస్తే మనిషికి చక్కెర వ్యాధి అంటాం. కొద్ది గంటల పస్తు తర్వాత ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు 150 ఉన్నా వింత లేదు. 250 దాటితేనే వ్యాధిగా లెక్కించే ప్రయోగశాలలు చాలా ఉన్నాయి. అదీగాక ఆకు రసాల ప్రయోగాల్లో చాలాసార్లు ఇన్సులిన్ తయారుచేసే కణాలను రసాయనంతో దెబ్బతీసి ఎలుకకు వ్యాధి తెప్పిస్తారు. నడివయసులో మనకు మెల్లగా వచ్చే వ్యాధి అలాంటిది కాదు.

అయితే ఎలుక ప్రయోగాలన్నీ వృథాయేనా? కానేకాదు. 1980లో జపానులో వెలుగులోకి వచ్చిన ఎన్.ఓ.డి. చిట్టెలుకలకు, పిల్లల్లో వచ్చే రకం చక్కెర వ్యాధి దానంతటదే వస్తుంది. వాటిలో ఆ వ్యాధిని ఆపిన మార్గాలు వందకు పైనే. మనుషుల్లో నిలిచినవి బహు కొద్ది. అలా నిలిచిన వాటిలో ఒకదాని మూలం 1994 నాటి ఎలుక ప్రయోగంలో ఉంది. టెప్లిజుమాబ్ అనే ఆ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 2022 నవంబరులో. అదైనా వ్యాధిని కొంతకాలం వాయిదా వేస్తుందే గాని నయం చేయదు. ఎలుక నుంచి మనిషి దాకా దారి ఉంది, కాని అది 28 ఏళ్ల దారి!

మీ ఇంట్లో పరీక్షకు

ఎలుక విషయంలో పాటించే జాగ్రత్తలు మనకూ వర్తిస్తాయి.

1. పరగడుపు అంటే కనీసం 8 గంటలు. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ పనికిరాదు.

2. చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోండి. మామిడిపండు కోసిన వేలితో పరీక్ష చేస్తే పండులోని తీపి కూడా లెక్కలో చేరుతుంది.

3. జ్వరం, నొప్పి, ఆందోళన ఉన్న రోజు చక్కెర పెరగవచ్చు. అంకె పక్కన ఆ సంగతి కూడా రాసి పెట్టుకోండి.

4. మంచి మీటరుకు సైతం 15 శాతం అటూ ఇటూ తేడా అంగీకృతమే. 180 చూపిస్తే అసలు చక్కెర 153 కావచ్చు, 207 కూడా కావచ్చు. ఒక్క అంకె చూసి మోతాదు మార్చుకోకండి.

5. రక్తహీనత ఉంటే మీటరు ఎక్కువగా చూపవచ్చు. డాక్టరుకు ఆ మాట చెప్పండి.

6. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉండి అంకె 70 కంటే తగ్గితే మాత్రం ఆలోచించవద్దు. వెంటనే 3, 4 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేయండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

ఇక "ఎలుకల్లో నయమైంది" అన్న వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ ఎలుకకు వ్యాధి ఎలా వచ్చింది? మనుషుల మీద పరీక్షించారా? ఎంతమంది మీద, ఎంతకాలం? జవాబు దొరికేదాకా ఆ వార్తను చదివి సంతోషించండి. మాత్రలు, ఇన్సులిన్ మాత్రం డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా మానకండి.