పప్పుబెల్లాలు అడిగే సాయంత్రం

ఈసారి మిమ్మల్ని ఒక ఊరికి తీసుకెళ్తాను. ఊరి పేరు అల్ రమ్స్. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, రస్ అల్ ఖైమా పట్టణానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క హజర్ కొండలు. పూర్వం ఇక్కడివాళ్లు చేపలు పట్టేవారు, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు. ఎమిరేట్స్ అనగానే మీకు దుబాయ్ మేడలే గుర్తొస్తాయి కదా? ఆ మేడలు ఇక్కడ లేవు.

నేను దక్షిణాఫ్రికాలో పుట్టాను. కొన్నేళ్లుగా ఈ దేశంలో టీచరుగా పనిచేస్తున్నాను. మా బడిలో అరబ్బీ చెప్పే స్నేహితురాలు ఒకరోజు, "మా అమ్మావాళ్ల ఊరికి రా. రెండు రోజులు ఉండు. హగ్ అల్ లైలా చూద్దువుగాని" అంది. సంచీ సర్దుకుని వెళ్లాను.

హగ్ అల్ లైలా పిల్లల పండుగ. ముస్లింల క్యాలెండర్‌లో రంజాన్‌కు ముందు నెల షాబాన్. ఆ నెల సగానికి వచ్చినప్పుడు, అంటే రంజాన్‌కు సుమారు రెండు వారాల ముందు, ఈ పండుగ చేస్తారు. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, మెడలో గుడ్డ సంచీ తగిలించుకుని, ఇంటింటికీ వెళ్లి పాట పాడతారు. ఇంటివాళ్లు ఆ సంచీలో మిఠాయిలు, గింజలు పోస్తారు.

తెలుగు నేర్చుకునే మీకోసం ఒక మాట చెప్పాలి. 'లైలా' అంటే రాత్రి. 'హగ్' అంటే ఇక్కడి వాడుకలో 'కోసం', 'చెందినది'. ఈ రాత్రి కోసం అని పండుగ పేరుకు అర్థం. ఆ 'హగ్' అరబ్బీలోని 'హక్' నుంచి వచ్చింది. అదే అరబ్బీ మాట మన దగ్గరికి వచ్చి 'హక్కు' అయింది. జవాబు, తారీఖు, వసూలు కూడా అరబ్బీ మాటలే. మనం రోజూ వాడుతున్నాం, ఎక్కడివో తెలియకుండానే.

మధ్యాహ్నం ఇంట్లో హడావిడి మొదలైంది. స్నేహితురాలి అమ్మగారు పెద్ద పళ్లేల్లో వేరుశనగలు, బాదం, చాక్లెట్లు కలుపుతున్నారు. తన చిన్నప్పుడు చాక్లెట్లు లేవట. శనగలు, ఖర్జూరాలు ఇచ్చేవారట. నాకు లుఖైమత్ పెట్టారు. తీపి పునుగులనుకోండి, పైన ఖర్జూరపు పాకం పోస్తారు. అవి తెచ్చి ఇచ్చిన వంటమనిషి నన్ను చూసి, నా మెడలో పసుపుతాడు చూసి, మెల్లగా అడిగింది.

"మీరు తెలుగోళ్ళా అండీ?"

నాకు గుండె ఝల్లుమంది. గుడిలో నేర్చుకున్న తెలుగంతా కూడగట్టుకుని, "అవునమ్మా. నేను దక్షిణాఫ్రికాలో జన్మించితిని. మా పూర్వులు తెలుగువారు" అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరు హరికథ చెప్తున్నట్టు మాట్లాడతన్నారండి!"

నేనూ నవ్వాను. ఏం చేయను? నాకు తెలుగు నేర్పినవి పాత పుస్తకాలు. మీలో చాలామందిదీ ఇదే కథ అనుకుంటాను.

ఆవిడది కోనసీమ. ఇక్కడికి వచ్చి రెండేళ్లవుతోంది. ఇంటి దగ్గర ఆరేళ్ల కొడుకు ఉన్నాడు. అమ్మమ్మ పెంచుతోంది.

అసర్ నమాజు అయ్యాక పిల్లలు వీధిలోకి వచ్చారు. ఆడపిల్లల గౌన్ల మీద మెరిసే జరీ అల్లిక ఉంది. దాన్ని ఇక్కడ 'తల్లీ' అంటారు. మన తల్లికీ దానికీ చుట్టరికం లేదు. అయినా ఆ మాట వినగానే ఉలిక్కిపడ్డాను. గుంపులు గుంపులుగా గుమ్మం ముందుకు వచ్చి పాడారు. ఆ పాటలో అడగడమూ ఉంది, ఇచ్చినవారికి దీవెనా ఉంది. మూడేళ్ల పిల్లకు మాటలు రావు, అయినా అక్క వెనక నిలబడి పెదవులు కదిపింది. వచ్చే ఏడు దానికి ఆ పాట వచ్చేస్తుంది.

కోనసీమ ఆవిడ నా పక్కన నిలబడి సంచీల్లో దోసిళ్లతో పోస్తోంది. "మా మామ్మ చెప్పేదండి," అంది. "దసరాకి పిల్లలు గిలకలు పట్టుకుని ఇలాగే ఇంటింటికీ వచ్చేవారంట. పప్పుబెల్లాలు పెట్టేవారంట."

పప్పుబెల్లాలు! ఆ మాట నాకు తొమ్మిదేళ్లప్పుడే వచ్చు. గుడి తరగతిలో పలక మీద పదిసార్లు రాశాను. వేయించిన శనగపప్పు, బెల్లం కలిపితే పప్పుబెల్లాలు. కానీ అది అడగడానికి ఒక గుమ్మం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

పూర్వం మన పల్లెల్లో వీధిబడి పంతుళ్లకు నెల జీతం ఉండేది కాదు. దసరా రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో గిలకలు, అంటే అలంకరించిన చిన్న విల్లంబులు. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు అడుగుతూ పాట పాడేవారు. సర్కారు బడులు వచ్చి పంతుళ్లకు జీతం వచ్చాక ఆ వాడుక తగ్గిపోయింది. జీతం రావడం మంచిదే, టీచరుగా నాకు తెలుసు. పాట మాత్రం గుమ్మం పోగొట్టుకుంది.

చీకటి పడ్డాక ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది. తెరలో కొడుకు కనిపించాడు. మిఠాయిల పళ్లెం చూపించింది. "నాకేదీ?" అన్నాడు వాడు. "వచ్చేటప్పుడు తెస్తాను నాన్నా" అని ఫోన్ నా చేతికిచ్చి, కళ్లు తుడుచుకోవడానికి లోపలికి వెళ్లింది.

"మీరెవరండీ?" అన్నాడు పిల్లాడు.

"నేను టీచరును. నీకు పప్పుబెల్లాలు ఇష్టమా?" అన్నాను.

"ఇష్టమే. ఎక్కడున్నాయి?"

ఎన్నో ఏళ్లుగా తెలుగు చదువుతున్నాను. ఒక చిన్నపిల్లవాడు నా తెలుగుకు తెలుగులో జవాబు చెప్పడం అదే మొదటిసారి.

1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేలమందికి పైగా భారతీయులు ఒప్పందం మీద నటాల్‌కు వచ్చారు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. వారిలో మా ముత్తవ్వ ఒకరు. ఐదేళ్ల ఒప్పందం, చెరుకు తోట. ఊళ్లో ఎవరిని వదిలి వచ్చిందో మాకు తెలియదు. ఈ ఆవిడకు ఫోన్ ఉంది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు వారి దగ్గరే ఉండాలి. రెండు కాలాలూ ఒకటి కావు. కానీ తన పిల్లాడికి పెట్టాల్సిన దోసిలి ఇతరుల పిల్లల సంచీలో పోసే తల్లి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అందుకే మీకొక పని చెప్తున్నాను. ఈ దసరాకు మీ వీధిలో మూడు తెలుగు ఇళ్లు ఎంచుకోండి. ముందే వాళ్లకు చెప్పి ఉంచండి. పిల్లలకు గుడ్డ సంచీలు కుట్టండి. గుమ్మం ముందు నిలబడి, "అమ్మగారూ, పప్పుబెల్లాలు పెట్టండి" అని తెలుగులో అడగమనండి. తెలుగులో అడిగితేనే పెట్టమని ఇంటివాళ్లతో చెప్పండి. తప్పులు దిద్దకండి. హరికథలా మాట్లాడినా పరవాలేదు.

మన భాష మన హక్కు అని సభల్లో చాలాసార్లు విన్నాం. మన పిల్లలకు ఆ హక్కును అడిగే ఒక గుమ్మం కావాలి. ముందు మీ తలుపు తెరవండి. బెల్లం సంగతి నేను చూసుకుంటాను.