పౌరసత్వం వచ్చేదెలా? పోయేదెలా?

వేములవాడ: రాజన్న కొలువైన ఈ పట్టణంలో దాదాపు పదిహేనేళ్లపాటు ఒకే ప్రశ్న టీకొట్ల వద్దా, న్యాయస్థానాల్లోనూ నలిగింది. నియోజకవర్గం నుంచి 2009, 2010 ఉప ఎన్నిక, 2014, 2018లలో వరుసగా శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేష్ భారత పౌరుడా, జర్మనీ పౌరుడా అన్నదే ఆ ప్రశ్న. ఆయన భారత పౌరసత్వాన్ని రద్దు చేస్తూ కేంద్ర హోంశాఖ 2019లో ఇచ్చిన ఉత్తర్వును సవాలు చేసిన పిటిషన్‌ను రాష్ట్ర హైకోర్టు 2024 డిసెంబరు 9న కొట్టివేసింది. సుదీర్ఘంగా పోరాడిన ప్రత్యర్థి ఆది శ్రీనివాస్‌కు రూ.25 లక్షలు, న్యాయసేవాధికార సంస్థకు రూ.5 లక్షలు చెల్లించాలని కూడా ఆదేశించింది.

ఇక్కడి ప్రముఖ రాజకీయ కుటుంబానికి చెందినవారు, ఇక్కడి ఓటర్లు పదేపదే గెలిపించినవారు ఈ దేశ పౌరులు కాకుండా ఎలా పోతారన్న సందేహం కలగడం సహజం. కొడుకు అమెరికాలో, అల్లుడు దుబాయిలో ఉన్న ఇళ్లు మండలానికి వందల సంఖ్యలో ఉన్న ఈ ప్రాంతంలో ఆ సందేహం ఒక్క నాయకుడితో ఆగిపోయేది కాదు.

ఊరు, భాష, ఆస్తి, ఓటు ఇవేవీ వాటంతటవి పౌరసత్వాన్ని ఇవ్వవు. రాజ్యాంగం రెండో భాగంలోని 5 నుంచి 11 వరకు గల అధికరణాలు గణతంత్రం ఏర్పడేనాటికి ఎవరు పౌరులో చెప్పి, తర్వాతి సంగతిని పార్లమెంటుకు వదిలిపెట్టాయి. పార్లమెంటు 1955లో పౌరసత్వ చట్టాన్ని చేసింది. పుట్టుక, వారసత్వం, నమోదు, దేశీయకరణం, భూభాగ విలీనం అనే అయిదు మార్గాల్లో పౌరసత్వం లభిస్తుందని ఆ చట్టం చెబుతోంది.

నిజాం కాలపు ముల్కీ నిబంధనల జ్ఞాపకం ఉన్న పెద్దలు, ఉద్యోగ నియామకాల్లో స్థానికత కోసం తిరిగే యువకులు దానినీ పౌరసత్వాన్నీ కలిపి మాట్లాడుతుంటారు. స్థానికత 371-డి అధికరణం కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుకు సంబంధించిన విషయం. అది ఉద్యోగాలకు, విద్యాలయాల్లో ప్రవేశాలకు పరిమితం. మన రాజ్యాంగంలో రాష్ట్రానికో పౌరసత్వం లేదు. ఉన్నది దేశానికంతటికీ ఒక్కటే.

తేదీని బట్టి మారే పుట్టుక హక్కు

భారతదేశంలో పుడితే చాలు పౌరుడే అన్న మాట ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఇక్కడ పుట్టినవారికి తల్లిదండ్రులు ఏ దేశస్థులన్న ప్రశ్నే లేదు. విదేశీ దౌత్యాధికారుల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప అందరూ పౌరులే. బంగ్లాదేశ్ నుంచి వలసలపై అస్సాంలో సాగిన ఆందోళన, 1985 నాటి అస్సాం ఒప్పందం నేపథ్యంలో 1986లో చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం 1987 జులై 1 తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నిబంధన మరింత బిగిసింది. ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములకు కూడా పుట్టిన తేదీని బట్టి వేర్వేరు నియమాలు వర్తించవచ్చు.

గల్ఫ్‌లో కాన్పయితే...

జిల్లా వాసులు ఎక్కువగా పొరపాటుపడేది వారసత్వ పౌరసత్వం విషయంలో. విదేశంలో బిడ్డ పుడితే 1992 డిసెంబరు 10కి ముందు తండ్రి భారత పౌరుడైతేనే బిడ్డకు పౌరసత్వం వచ్చేది. తల్లి పౌరసత్వం లెక్కలోకి రాలేదు. ఆ వివక్షను సవరణతో తొలగించారు. ఆనాటి నుంచి తల్లిదండ్రుల్లో ఎవరు పౌరులైనా చాలు. అయితే 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవారికి మరో షరతు తోడైంది. పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత దౌత్య కార్యాలయంలో జననాన్ని నమోదు చేయించాలి. బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ప్రకటించాలి. ఏడాది దాటితే నమోదుకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాల్సిందే.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ నమోదు ప్రాణప్రదం. యూఏఈ, సౌదీ అరేబియా, కువైట్ వంటి దేశాలు తమ గడ్డపై పుట్టినంత మాత్రాన పరాయి దేశస్థుల పిల్లలకు పౌరసత్వం ఇవ్వవు. వీసా గడువు ముగిసి దాగి బతుకుతున్న దంపతులు పట్టుబడతామన్న భయంతో దౌత్య కార్యాలయం గడప తొక్కకపోతే, ఆ పసికందు అక్కడి పౌరుడు కాడు, ఇక్కడి పౌరుడిగా చూపించుకునే కాగితమూ ఉండదు. స్వదేశానికి తెచ్చేందుకు ప్రయాణ పత్రం కావాలన్నా ముందు జననం నమోదు కావాలి. ఆసుపత్రి ఇచ్చిన జనన పత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వివాహ ధ్రువపత్రం పోగొట్టుకోకుండా ఉంచుకోవడం ఇందుకే అవసరం.

అమెరికాలో పరిస్థితి వేరు. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణను అనుసరించి అక్కడ పుట్టిన బిడ్డకు అమెరికా పౌరసత్వం లభిస్తూ వచ్చింది. తాత్కాలిక వీసాలపై ఉన్నవారి పిల్లలకు దానిని నిరాకరిస్తూ 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు జారీ చేయగా, అక్కడి ఫెడరల్ న్యాయస్థానాలు ఆ ఏడాదే దాని అమలును నిలిపివేశాయి. ఇక్కడి తల్లిదండ్రులు గుర్తించాల్సింది మరొకటి ఉంది. బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక భారత పౌరుడిగా నమోదు చేయించేందుకు చట్టం ఒప్పుకోదు. రెండు పౌరసత్వాలూ ఉన్న మైనరు యుక్తవయసు వచ్చిన ఆరు నెలల్లోగా విదేశీ పౌరసత్వాన్ని వదులుకోకపోతే భారత పౌరసత్వం పోతుంది.

పన్నెండు నెలల లెక్క

వేములవాడ వివాదానికి మూలం మూడో మార్గమైన నమోదులో ఉంది. భారత పౌరులను వివాహమాడినవారు, భారత సంతతివారు ఏడేళ్లు ఇక్కడ నివసించాక దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకప్పుడు భారత పౌరులై ఉండి తర్వాత పరాయి పౌరసత్వం తీసుకున్నవారు తిరిగి రావాలనుకుంటే షరతు కాస్త తేలిక. దరఖాస్తుకు ముందు వరుసగా పన్నెండు నెలలు దేశంలో నివసిస్తే సరిపోతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో ముప్పై రోజుల వరకు సడలింపు ఇచ్చే అధికారాన్ని 2015 సవరణ కేంద్రానికి కల్పించింది.

రమేష్ 1993లో జర్మనీ పౌరసత్వం పొందారు. 2008లో ఇక్కడ దరఖాస్తు చేసుకోగా 2009 ఫిబ్రవరిలో భారత పౌరసత్వం మంజూరైంది. కొద్ది నెలలకే ఎన్నికల్లో గెలిచారు. దరఖాస్తుకు ముందరి ఏడాదిలో ఆయన విదేశీ ప్రయాణాలు చేశారని, ఆ సంగతి దాచారని ఫిర్యాదు. మోసంతోగానీ వాస్తవాలు దాచిగానీ పొందిన పౌరసత్వాన్ని చట్టంలోని పదో సెక్షన్ కింద కేంద్రం రద్దు చేయవచ్చు. అయితే ఆ వ్యక్తి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి అనుకూలం కాదని ప్రభుత్వం తృప్తి చెందాలని అదే సెక్షన్ అంటోంది. కేసు ఏళ్లతరబడి సాగడానికి ఈ వాక్యం కూడా ఒక కారణం. 2017లో రద్దు చేసిన ఉత్తర్వును తిరిగి పరిశీలించాలని హైకోర్టు 2019 జులైలో సూచించగా, అదే ఏడాది నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది. తాను జర్మనీ పౌరుడిని కానని చూపే పత్రాన్ని ఆ దేశ దౌత్య కార్యాలయం నుంచి తేలేకపోయారని చివరి తీర్పులో న్యాయస్థానం పేర్కొంది. పౌరుడు కానివారు శాసనసభకు పోటీ చేయరాదని 173వ అధికరణం స్పష్టం చేస్తుండగా, తీర్పు వెలువడేనాటికి ఆయన నాలుగు పర్యాయాల పదవీకాలమూ ముగిసిపోయి ఉండటం గమనార్హం.

తెలుగు వచ్చినా చాలు

ఏ బంధుత్వమూ లేని విదేశీయులకు మిగిలింది దేశీయకరణ మార్గం. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు వరుసగా, అంతకుముందరి 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. సత్ప్రవర్తనతోపాటు ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాషలో తగిన పరిజ్ఞానం అవసరం. హిందీయే రావాలన్న నియమం లేదు, తెలుగు వచ్చినా చాలు. పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి 2014 చివరినాటికి వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులకు ఆ పదకొండేళ్లను అయిదేళ్లకు తగ్గిస్తూ 2019లో చేసిన సవరణకు 2024 మార్చిలో నియమాలు వెలువడ్డాయి. ముస్లింలను మినహాయించడంపై దేశమంతటా ఆందోళనలు జరిగిన సంగతి విదితమే.

అయిదోదైన భూభాగ విలీనానికి తెలుగునాటనే ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం 1954లో వాస్తవంగా, 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా భారత్‌లో కలిసింది. అక్కడివారు దరఖాస్తు పెట్టకుండానే భారత పౌరులయ్యారు. ఫ్రెంచి జాతీయతనే ఉంచుకోదలచినవారు ఆరు నెలల్లో రాసివ్వాలని ఒప్పందం వీలు కల్పించింది.

ఓసీఐ పౌరసత్వం కాదు

పోగొట్టుకోవడానికి ఇంత తతంగం లేదు. స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం స్వీకరించిన మరుక్షణమే తొమ్మిదో సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం రద్దయినట్లే. ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కరలేదు. పాత పాస్‌పోర్టును తిరిగి అప్పగించాలి. పాత ఓటరు కార్డు ఇంట్లో ఉంది కదా అని ఎన్నికలకు వచ్చి ఓటు వేయడం నేరమే అవుతుంది. ఆధార్ సంఖ్య కూడా దానికదే పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షనే చెబుతోంది.

విదేశీ పౌరులైన మనవారికి ఇచ్చే ఓసీఐ కార్డు పేరులో పౌరసత్వం ఉన్నా, ఆచరణలో అది జీవితకాలపు వీసా వంటిది. ఓటు లేదు, పోటీ లేదు, సాధారణంగా ప్రభుత్వోద్యోగమూ లేదు. ఇల్లు, ప్లాటు కొనవచ్చు గానీ సాగుభూమి కొనరాదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే పొలానికి మాత్రం ఆ నిషేధం వర్తించదు. ఓసీఐగా అయిదేళ్లు ఉండి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే నివసించినవారు తిరిగి పౌరులుగా నమోదుకు కలెక్టరు ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ఏడాదిలో చేసిన ప్రతి విదేశీ ప్రయాణాన్నీ, తేదీలతో సహా, అందులో పేర్కొనాల్సి ఉంటుంది.