ఫోన్ స్పీకర్‌లో మీ 808 ఎందుకు మాయమవుతోంది?

జాబ్ మానేశాక నేను చేసిన ఫస్ట్ బీట్ హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయింది. మా తమ్ముడు ఫోన్‌లో పెట్టి, "అన్నా, బేస్ ఏదీ?" అన్నాడు. నిజంగానే హైహ్యాట్స్ తప్ప ఏం లేదు. అనవసరంగా జాబ్ మానేశానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం సింపుల్. 808 బేస్ అసలు నోట్ చాలాసార్లు 40–60 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ అంత కిందికి దిగలేదు. నేనేమో వాల్యూమ్ పెంచా. మాస్టర్ క్లిప్ అయ్యి ఇంకా పాడైంది.

మరి ఏం చేయాలి? 808 మీద కొంచెం శాచురేషన్ వేయండి. 50 హెర్ట్జ్ నోట్‌కి 100, 150, 200, 250... ఇలా పైన హార్మోనిక్స్ పుడతాయి. వాటిని విని కింది నోట్‌ని మన మెదడే పూరించుకుంటుంది.

ఇక ఈక్యూ. మెలోడీలో 100 హెర్ట్జ్ కిందదంతా హై-పాస్‌తో కోసేయండి. సౌండ్ మందంగా, మసకగా ఉంటే 200–400 మధ్య 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. సోలో పెట్టి కాదు, బీట్ మొత్తం ప్లే అవుతుండగానే చేయండి. కిక్, 808 కొట్టుకుంటుంటే, కిక్ పడ్డ క్షణంలో 808ని సైడ్‌చెయిన్‌తో తగ్గించండి. మాస్టర్ పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి.

చివరగా హెడ్‌ఫోన్స్‌లో, ఫోన్‌లో, కుదిరితే కార్‌లో వినండి. రెండో వెర్షన్‌కి మా తమ్ముడు ఏం మాట్లాడలేదు, తల ఊపుతూ కూర్చున్నాడు. నాకది చాలు. ఇవాళే మీ పాత బీట్ ఒకటి ఓపెన్ చేసి ట్రై చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!