చిప్పు రాసే పెట్టె కథ

1981లో జనరల్ మోటార్స్ కంపెనీ అమెరికాలో తన పెట్రోలు కార్లు దాదాపు అన్నిటికీ ఇంజన్ కంప్యూటర్ పెట్టింది. ఆ కంప్యూటర్ చెడిపోతే డీలరు దగ్గర కొత్తది దొరికేది. కానీ అందులో ఒక చిప్పు ఉండేది కాదు. పాత కంప్యూటర్ మూత విప్పి, సాకెట్లో ఉన్న ఆ చిప్పును పీకి, కొత్తదాంట్లో గుచ్చడం మెకానిక్ పని. ఒకే కంప్యూటర్ చాలా మోడళ్లకు సరిపోయేది. కారు బరువు, ఇంజన్ సైజు, గేర్ల నిష్పత్తి మాత్రం మోడల్‌కొక తీరు. ఆ తేడాలన్నీ చిప్పులో ఉంటే కంపెనీ గోదాములో నిలవ పెట్టాల్సిన సరుకు తగ్గుతుంది. కంపెనీ తన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటిది. చిప్పు ఊడుతుందని తెలిశాక బయటివాళ్లు ఊరుకుంటారా? దాన్ని చదివి, అందులోని అంకెలు మార్చి, మళ్లీ రాసే పరికరం కోసం వెతికారు. అదే చిప్ ప్రోగ్రామర్.

ఇంతకీ చిప్పులో ఏముంది? ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో సెకనుకు 50 సార్లు స్పార్క్ పడాలి. పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు పడాలి, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలి అన్నవి ప్రతిసారీ తేలాలి. అంత తొందరలో కంప్యూటర్ భౌతికశాస్త్రం చేస్తూ కూర్చోదు. ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లవాడిలా, ముందే వేసి పెట్టిన పట్టికలోంచి జవాబు తీసుకుంటుంది. పట్టికకు ఒక పక్క ఇంజన్ వేగం, ఇంకో పక్క గాలి ఒత్తిడి. రెండూ కలిసే గడిలో ఉన్న అంకే ఆ క్షణానికి ఆజ్ఞ. ట్యూనింగ్ చేసేవాళ్లు మ్యాపు అనేది దీన్నే.

కంపెనీ వేసే మ్యాపు ఎప్పుడూ రాజీయే. నాసిరకం పెట్రోలు పోసినా, ఎడారి ఎండలో నడిపినా, కొండ ఎక్కించినా అదే కారు బతకాలి. పొగ పరీక్షా నెగ్గాలి. అందుకే స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి ఉంచుతారు. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు మాత్రమే పోస్తానన్న యజమాని ఆ మిగులును వాడుకోవచ్చు. టర్బో బిగించినా, కామ్‌షాఫ్ట్ మార్చినా పాత అంకెలు ఎలాగూ చెల్లవు.

ఈ అంకెలు ఉండే చిప్పు ఒక లోపాన్ని వెతుకుతుండగా పుట్టింది. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ అనే ఇంజనీరు చిప్పులు ఎందుకు చెడిపోతున్నాయో పరిశీలిస్తూ, ట్రాన్సిస్టర్ గేటు దేనికీ తగలకుండా విడిపోతే దాని మీద విద్యుదావేశం నిలిచిపోతుందని గమనించాడు. కావాలనే అలాంటి గేటు పెడితే కరెంటు పోయినా సమాచారం పోదు. 1971లో వచ్చిన ఇంటెల్ 1702 చిప్పు అలా పుట్టిందే. దాంట్లో పట్టేది 256 బైట్లు. పైన క్వార్ట్జ్ కిటికీ. అతినీలలోహిత దీపం కింద పదిహేను ఇరవై నిమిషాలు పెడితే లోపలిదంతా చెరిగిపోతుంది. ఈ చిప్పుల్ని నేరుగా ఎండలో ఉంచితే వారం రోజుల్లో చెరిగిపోవచ్చని, ట్యూబ్‌లైట్ వెలుగులో అయితే సుమారు మూడేళ్లు పడుతుందని ఇంటెల్ హెచ్చరించేది. కిటికీ మీద కాగితం స్టిక్కర్ అంటించడం అందుకే.

చెరపడానికి వెలుగు, రాయడానికి వోల్టేజి. కారులో చిప్పును చదవడానికి 5 వోల్టులు చాలు. 2716 రకం చిప్పులో రాయాలంటే 25 వోల్టులు కావాలి, అదీ ఒక్కో బైటుకు 50 మిల్లీసెకన్లు. 2048 బైట్లు పూర్తయ్యేసరికి వంద సెకన్లు దాటుతుంది. పైగా ఒక రకానికి 25 వోల్టులైతే ఇంకొకదానికి 21, మరొకదానికి 12.5. కాళ్ల అమరికా, పల్సు వ్యవధీ వేరు. తప్పు వోల్టేజి ఇస్తే చిప్పు కాలిపోవచ్చు. అమెరికాలో 1969లో మొదలైన డేటా ఐ/ఓ అనే కంపెనీ ఇవన్నీ తెలిసిన యంత్రాలు చేసేది. ఆ యంత్రాల ఖరీదు వేల డాలర్లు. 1980లలో కారు చిప్పులు మార్చి అమ్మడం కొన్ని దుకాణాల చేతుల్లోనే ఉండటానికి ఈ ఖరీదూ ఒక కారణం. మార్చిన చిప్పు కొనుక్కోవడమే తప్ప, అందులో ఏముందో కొన్నవాడికి తెలిసేది కాదు.

ధర దిగడం మెల్లగా జరిగింది. ఇంట్లోకి కంప్యూటర్ రావడంతో ప్రోగ్రామర్‌కు సొంత మెదడు అక్కర్లేకపోయింది. ప్రింటర్ తగిలించే పోర్టుకు తగిలించే విలెం రకం బోర్డులు వచ్చాయి. చిప్పు మారినప్పుడల్లా వాటి మీద బుల్లి స్విచ్చులు ఇటూ అటూ జరుపుకోవాలి, ఒక్కటి మరిచినా అంతే సంగతులు. చిప్పులూ మెరుగయ్యాయి. 27సి256 రకానికి బైటుకు 100 మైక్రోసెకన్ల పల్సు చాలు. ఆ లెక్కన 32 కిలోబైట్లూ మూడు నాలుగు సెకన్ల పని. ఆ తర్వాత చైనా నుంచి టీఎల్866 దిగింది. అరచేతిలో పట్టే పెట్టె, 40 కాళ్ల సాకెట్, యూఎస్‌బీ తీగ. యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులనే లోపల పెంచుకుని కావలసిన వోల్టేజి తయారుచేసుకుంటుంది. దీన్ని సీఎస్ అని ఒక చౌకరకం, ఏ అని ఇంకొంచెం ఖరీదైన రకంగా అమ్మారు. ఔత్సాహికులు మూత విప్పి చూస్తే లోపల బోర్డు దాదాపు ఒకటే! తేడా అల్లా ఒక కనెక్టరు, లోపలి ఫర్మ్‌వేర్. ఫర్మ్‌వేర్ మార్చి చౌకదాన్ని ఖరీదుదానిగా మార్చేశారు. ట్యూనింగ్ చేసే యంత్రానికే ట్యూనింగ్ జరిగిందన్నమాట.

ఈ చౌక పెట్టెకు బాగా కలిసొచ్చినవి 1992–95 నాటి హోండా సివిక్ కార్లు. వాటి ఇంజన్ కంప్యూటర్లో ప్రోగ్రాము ఓకీ కంపెనీ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, కానీ బయటి చిప్పు కోసం బోర్డు మీద 28 రంధ్రాల ఖాళీ చోటు వదిలేశారు. అక్కడ ఒక సాకెట్, పక్కన 74హెచ్‌సీ373 అనే చిన్న లాచ్ చిప్పు, కొన్ని విడిభాగాలు సోల్డర్ చేసి, జే1 అని రాసి ఉన్నచోట ఒక తీగముక్క కలిపితే చాలు, ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామును వదిలేసి బయటి చిప్పును చదువుతుంది.

కొత్తవాళ్లు బోల్తా పడే మలుపు కూడా ఇక్కడే ఉంది. హోండా ఫైలు 32 కిలోబైట్లు. ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌టీ 27ఎస్‌ఎఫ్512 చిప్పు 64 కిలోబైట్లది. దీనికి అతినీలలోహిత దీపంతో పని లేదు, ప్రోగ్రామరే చెరిపి రాస్తుంది. ఫైలును మామూలుగా మొదటినుంచి రాసి బిగిస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. 32 కిలోబైట్ల చిప్పులో ఒకటో కాలు రాతకు కావలసిన వోల్టేజి కోసం, కాబట్టి కారులో దాన్ని 5 వోల్టులకు కట్టేశారు. 64 కిలోబైట్ల చిప్పులో అదే కాలు పై సగమా, కింది సగమా అని చెప్పే అడ్రస్ తీగ. అది ఎప్పుడూ 5 వోల్టుల మీదే ఉంటే ప్రాసెసర్‌కు పై సగమే కనబడుతుంది. ఫైలును రెండో సగంలో రాయాలి. దశాబ్దాలనాటి కాళ్ల అమరిక ఇంకా ఇలా లెక్క అడుగుతుంది. ఈ చిప్పుల తయారీ ఆగిపోయింది గనుక పాత సరుకు మీద కొత్త పేరు ముద్రించి అమ్మేవాళ్లూ ఉన్నారు. చిప్పు తన గుర్తింపు సంఖ్యను తప్పు చెబుతోందని ప్రోగ్రామర్ అంటే దాన్ని నమ్మండి.

నమ్మకూడనిది ఇంకోటుంది, రాత అయిపోయాక తెర మీద వచ్చే ‘వెరిఫై ఓకే’. ఫైలులో ఉన్నదీ చిప్పులో ఉన్నదీ ఒకటేనని మాత్రమే దాని అర్థం. ఆ అంకెలు ఇంజన్‌కు మంచివో కాదో ఆ పెట్టెకు తెలియదు. స్పార్క్ రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ముందుకు జరిగితే పెట్రోలు అదుపు తప్పి మండే నాకింగ్ మొదలై పిస్టన్ దెబ్బతినవచ్చు. పెట్రోలు సమంగా మండటానికి గాలి–పెట్రోలు పాళ్లు 14.7కు 1, పూర్తి యాక్సిలరేటర్ మీద పెట్రోలు ఇంతకంటే ఎక్కువ కావాలి. అది సరిపోతోందో లేదో చూడటానికి సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉండాలి. ప్రోగ్రామర్ కంటే ఈ సెన్సర్‌కే ఎక్కువ ఖర్చవుతుంది, అది పెట్టకుండా మ్యాపు ముట్టుకోవడం దండగ పని.

మన ఊళ్లలో లాప్‌టాప్ రిపేరు వాళ్ల దగ్గర కనిపించే బుల్లి నల్ల బోర్డు సీహెచ్341ఏ ఈ వంశంలోదే, కొన్ని వందల రూపాయలకు వస్తుంది. ఎనిమిది కాళ్ల సీరియల్ చిప్పులకు అది చాలు. కాకపోతే 3.3 వోల్టుల చిప్పు పెట్టినా సిగ్నల్ తీగల మీద 5 వోల్టులు పంపే జబ్బు ఆ బోర్డుల్లో చాలావాటికి ఉంది. కార్లలో ఇమ్మొబిలైజర్ తాళం సంకేతాలు, కొన్ని మోడళ్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క ఇలాంటి చిప్పుల్లోనే ఉంటాయి. వాటిని తిరగరాయడం ఇంత తేలిక కాబట్టి సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు మీటరు కంటే సర్వీసు రికార్డును నమ్మడం మేలు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దేశపు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన మూల వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. పొగ నియమాలు దీనికి అదనం. అంకెలు మార్చి మోసం చేయడం గల్లీ ట్యూనర్లకే చేతనవుతుందని అనుకోనక్కర్లేదు. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో ఫోక్స్‌వాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లు అమ్మినట్టు 2015లో బయటపడింది.

ఇప్పటి కార్లలో పీకడానికి విడి చిప్పు లేదు. అమెరికా 1996 మోడళ్ల నుంచి ఓబీడీ–2 అనే తనిఖీ పోర్టును తప్పనిసరి చేసింది, ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడటం ఇప్పుడు దాని గుండానే. ఫ్లాష్ మెమరీ ప్రాసెసర్ లోపలికే చేరింది, డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును తిరస్కరించే కంప్యూటర్లూ వచ్చాయి. టీఎల్866కు ఇక మిగిలింది పాతకార్ల పని. అది చిన్న పనేం కాదు. ముప్పై నలభై ఏళ్లనాటి చిప్పుల్లో గేటు మీది ఆవేశం మెల్లగా జారిపోతోంది. ఒక్క బిట్ మారినా బండి మొరాయించవచ్చు. మీ దగ్గర అలాంటి పాత కారు ఉంటే మ్యాపులు మార్చే ఆలోచన తర్వాత చేయండి. ముందు కంప్యూటర్లోని అసలు చిప్పును రెండుసార్లు చదివించండి. రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి, వేర్వేరు చోట్ల దాచండి. కిటికీ మీది స్టిక్కర్ ఊడిపోయి ఉంటే ఇవాళే కొత్తది అంటించండి.