చవక కారు, అసలు ఖరీదు

డోన్‌లో మధ్యతరగతి గృహస్థు పాత కారు కొనేది దర్జాకు కాదు; ముసలివాళ్లను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోవడానికి. ధర చవకే. ముసళ్ల పండుగ మాత్రం ముందుంది!

వేడెక్కిన ఇంజను తన జబ్బులు దాచుకుంటుంది. కాబట్టి తెల్లవారుజామున, చల్లగా ఉండగానే స్టార్టు చేయించి చూడండి. ఆయిలు మూత కింద మజ్జిగ వంటి తెట్టు కనిపిస్తే, రేడియేటరు నీళ్లు లోపల ఆయిలులో కలుస్తున్నాయేమోనని అనుమానించండి. అందుకు కారణం తరచు హెడ్ గాస్కెట్టే. గాస్కెట్టు ఖరీదు కొద్ది; ఇంజను విప్పి బిగించే కూలి కొండంత.

15 ఏళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 600 రూపాయలుండిన ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000కు పెరిగింది.

ఉన్న డబ్బంతా ధరకే పోయకండి. తెలిసిన మెకానిక్కును బేరానికి ముందే వెంటబెట్టుకు వెళ్లండి. తరువాత పిలిస్తే అతను చేయగలిగింది రిపేరే!