ఇది కావాలంటే అది కావాలి

విండోస్ నుంచి లినక్స్‌కి మారినవాళ్లలో చాలామంది మొదటి రోజే ఒక పని చేస్తారు. వీఎల్‌సీ ప్లేయర్ కావాలంటే బ్రౌజర్ తెరిచి, సైట్ వెతికి, దొరికిన ఫైలు దించుకుని, దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తారు. ఏమీ జరగదు. 'ఈ లినక్స్ మనకి అచ్చిరాదు' అనేస్తారు. ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు, వాళ్లని అనడానికేం లేదు. ఉబుంటూ, మింట్, డెబియన్‌లలో సాఫ్ట్‌వేర్ కోసం ఇంటర్నెట్టంతా గాలించక్కర్లేదు. టెర్మినల్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ' అని కొట్టి ఎంటర్ నొక్కితే సరి. పాస్‌వర్డ్ అడుగుతుంది. అది కొట్టేటప్పుడు చాలా సిస్టమ్‌లలో తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిపోయిందని కంగారు పడకండి.

ఆ వరుసలోని 'ఆప్ట్' అనే ప్రోగ్రాముకు పాతికేళ్లు దాటాయి. అది రాకముందు పరిస్థితి ఏమిటో తెలిస్తేగానీ దాని విలువ తెలియదు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టింది సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఒక్కటే. దాని మీద నడిచే ప్రోగ్రాములు ఎక్కువగా సోర్స్ కోడ్ రూపంలో దొరికేవి. దాన్ని విప్పి 'కాన్ఫిగర్', 'మేక్', 'మేక్ ఇన్‌స్టాల్' అని మూడు ఆజ్ఞలు వరసగా ఇవ్వాలి. సగంలో ఉండగా ఫలానా లైబ్రరీ లేదని ఆగిపోయేది. అది తెస్తే దానికి మరొకటి కావాలి, ఆ మరొకదానికి ఇంకొకటి. ఎలాగో ఎక్కించినా తర్వాత తీసేయడం మరో గండం. ఏ ఫైలు ఏ మూల పడిందో కంప్యూటరుకే లెక్క ఉండదు.

పర్డ్యూ యూనివర్సిటీలో చదువుతున్న ఇరవయ్యేళ్ల ఇయాన్ మర్డాక్‌కి కెర్నల్‌నీ ప్రోగ్రాములనీ కలిపి ఇచ్చే అప్పటి లినక్స్ సంకలనాల్లోని తప్పులు చూసి విసుగొచ్చింది. 1993 ఆగస్టు 16న డెబియన్ అనే కొత్త సంకలనం తయారు చేస్తున్నానని ప్రకటించాడు. దానికోసం, ప్యాకేజీలుగా కట్టిన ప్రోగ్రాములను ఎక్కించడానికి, 1994లో చిన్న స్క్రిప్టుగా పుట్టిందే డీప్యాకేజీ. అదే ఏడాది ఇయాన్ జాక్సన్ దాని ముఖ్యభాగాన్ని సీ భాషలో తిరగరాశాడు.

డెబియన్ ప్యాకేజీ ఒకదాన్ని విప్పి చూస్తే లోపల మూడే ముక్కలుంటాయి. మొదటిది 2.0 అని ఫార్మాట్ వెర్షన్ మాత్రమే రాసి ఉన్న బుల్లి ఫైలు. మూడోదాంట్లో అసలు సరుకంతా ఉంటుంది, ఏ ఫైలు ఏ ఫోల్డరులోకి వెళ్లాలో ఆ క్రమంలోనే సర్ది. అసలు తెలివి రెండోదాంట్లో ఉంది. ప్యాకేజీ పేరు, వెర్షన్, 'డిపెండ్స్' అని ఒక వరుస. ఈ ప్రోగ్రాము నడవాలంటే ఇంకా ఏమేం ఉండాలో, ఏ వెర్షన్‌కి తగ్గకూడదో ఆ వరుస చెబుతుంది. మునుపు మనుషుల బుర్రల్లో ఉండే సంగతి ఇలా యంత్రం చదవగలిగే రాతలోకి ఎక్కింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే, మిగతాదంతా దీని మీద కట్టిన మేడ. ఎక్కించిన ప్రతి ఫైలు పేరూ డీప్యాకేజీ రాసిపెట్టుకుంటుంది కాబట్టి తీసేయడమూ సులువైంది.

లోటు ఒకటి మిగిలింది. డీప్యాకేజీ కిరాణా చీటీ చదివి 'కందిపప్పు లేదు' అని చెప్పే గుమాస్తా లాంటిది, బజారుకి మాత్రం వెళ్లదు. వెళ్లి తెచ్చే పని ఆప్ట్ నెత్తికెత్తుకుంది. 1998లో పరీక్షలకి వచ్చి, 1999 మార్చిలో డెబియన్ 2.1తో జనానికి అందింది. అప్పటికి డెబియన్ దగ్గర ఉన్న ప్యాకేజీలు సుమారు 2,250. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64,000 పైచిలుకు.

'సుడో ఆప్ట్ అప్‌డేట్' అంటే ప్రోగ్రాములన్నీ కొత్తవైపోతాయని చాలామంది అనుకుంటారు. కాదు, సర్వర్‌లో ఏమేం ఉన్నాయో ఆ జాబితా మాత్రమే తాజాగా దిగుతుంది. ప్రోగ్రాములు కొత్తవి కావాలంటే 'అప్‌గ్రేడ్' అనాలి. జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో ఎవరైనా వేలు పెడితే సంతకం సరిపోలక ఆప్ట్ ఒప్పుకోదు. డెబియన్‌లో ఈ కట్టడి 2007 నాటి 4.0 నుంచి ఉంది. ఎక్కడో దొరికిన ఫైలును నమ్మి ఎక్కించుకోవడం కంటే ఇది మేలని వేరే చెప్పాలా?

నల్ల తెర అంటే బెదిరేవాళ్ల కోసం సినాప్టిక్ వచ్చింది. దాన్ని రాయించింది బ్రెజిల్‌కి చెందిన కోనెక్టివా కంపెనీ. 2009లో ఉబుంటూ, సాఫ్ట్‌వేర్ సెంటర్ అని బొమ్మలు చూసి ఎంచుకునే దుకాణమే తెరిచింది. ఫోన్లలో యాప్ స్టోర్ 2008లో మొదలైంది. అన్నీ ఒకేచోట దొరికే పద్ధతి లినక్స్‌లో అంతకు తొమ్మిదేళ్ల ముందే నడుస్తోంది. గొప్పగా చెప్పుకోవడం మాత్రం లినక్స్ వాళ్లకి చేతకాలేదు.

ఆప్ట్ ఎప్పుడూ తప్పు చేయదని కాదు. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే యూట్యూబర్ (కెర్నల్ రాసిన లైనస్ వేరు) పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రాము ఎక్కించబోయాడు. ప్యాకేజీల్లో పొరపాటు వల్ల, స్టీమ్ ఎక్కాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని ఆప్ట్ లెక్కగట్టింది. ప్రమాదమని హెచ్చరించి, నిజంగా కావాలంటే 'అవును, చెప్పినట్టు చెయ్' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం పూర్తిగా టైప్ చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. తప్పెవరిదని రెండు పక్షాలవాళ్లూ చాలాకాలం వాదించుకున్నారు. కొత్తవాడికి హెచ్చరిక అర్థం కాలేదంటే అది హెచ్చరిక కాదనేవాళ్ల వైపే నేను. తర్వాత వచ్చిన ఆప్ట్, విడిగా అనుమతి ఇస్తే తప్ప అలాంటి కీలకమైన ప్యాకేజీల జోలికి పోదు.

ఈమధ్య స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అని కొత్త తరహా ప్యాకేజీలు వచ్చాయి. దాదాపు ఏ లినక్స్‌లోనైనా నడుస్తాయి, కొత్త వెర్షన్లు త్వరగా దొరుకుతాయి, కావలసిన లైబ్రరీలు విడిగా తెచ్చుకుంటాయి కాబట్టి డిస్క్ మీద చోటు ఎక్కువ తింటాయి. ముందు ఆప్ట్‌లో చూడండి, అక్కడ లేకపోతేనో మరీ పాతదైతేనో వీటి వైపు వెళ్లండి.

మొదటి ప్రయోగానికి తెలుగు ఫాంట్లు బాగుంటాయి. ప్యాకేజీ పేరు 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా', తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు అందులో ఉన్నాయి. ఆజ్ఞ ఇచ్చాక, 'వై' నొక్కేముందు తెర మీద వచ్చే జాబితా చదవండి, ముఖ్యంగా ఏవైనా తొలగిస్తానంటోందేమో చూడండి. పని అయ్యాక లిబ్రేఆఫీస్ మూసి మళ్లీ తెరిస్తే ఫాంట్ల పట్టికలో పోతన2000 కనబడుతుంది.