లివర్‌లో గడ్డ: 35వ సెకనులో ఏం కనిపిస్తుంది?

అల్ట్రాసౌండ్‌లో లివర్ మీద గడ్డ కనిపిస్తే డాక్టర్లు చాలాసార్లు రాసే పరీక్ష ట్రైఫేజిక్ సీటీ. కాంట్రాస్ట్ మందు ఒక్కసారే ఎక్కిస్తారు. స్కాన్ మాత్రం మూడు విడతలు తీస్తారు. గుట్టంతా ఆ విడతల మధ్య సెకన్లలోనే ఉంది.

లివర్‌కు రక్తం రెండు దారుల్లో చేరుతుంది. దాదాపు 75 శాతం పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. లివర్‌లోనే పుట్టే ప్రధాన క్యాన్సర్, హెపటోసెల్యులర్ కార్సినోమా, ఈ లెక్కను తిరగేస్తుంది. దానికి ఎక్కువ రక్తం ధమని నుంచే అందుతుంది.

మందు లేకుండా తీస్తే ఈ తేడా తెలియదు. సీటీ కొలమానంలో నీళ్లు 0 అయితే మామూలు లివర్ 55 నుంచి 65. గడ్డదీ అటూఇటూగా అంతే ఉంటే బూడిదరంగులో బూడిదరంగు కలిసిపోతుంది. అందుకే అయోడిన్ మందు. 60 కిలోల మనిషికి సుమారు 90 నుంచి 120 మి.లీ. మందును యంత్రమే సెకనుకు 3 నుంచి 5 మి.లీ. చొప్పున నరంలోకి తోస్తుంది. ఒళ్లంతా వేడెక్కుతుంది, మూత్రం పడిపోయినట్టు అనిపిస్తుంది. పడిపోదు లెండి.

ఎక్కించడం మొదలయ్యాక 35వ సెకను ప్రాంతంలో మందు ధమనుల్లో ఉంటుంది. లివర్ ఇంకా మసకగానే ఉండగా హెపటోసెల్యులర్ గడ్డ తెల్లగా వెలుగుతుంది. 70వ సెకనుకు పోర్టల్ రక్తంతో లివర్ 100 దాటుతుంది. పెద్దపేగు క్యాన్సర్ నుంచి పాకిన గడ్డలు ఇక్కడ నల్లగా బయటపడతాయి. 3 నుంచి 5 నిమిషాలకు హెపటోసెల్యులర్ గడ్డలో మందు పలచబడి, చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. రిపోర్టులో 'వాషవుట్' అని రాసేది దీన్నే. ప్రమాదం లేని హెమాంజియోమా నడక వేరు: అంచున ముద్దలుగా తెల్లబడి, మెల్లగా లోపలికి నిండుతూ, చివరిదాకా తెల్లగానే ఉంటుంది.

సిరోసిస్ లేదా దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవారికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో లై-రాడ్స్ అనే గ్రేడింగ్ తెచ్చింది. అందులో ఎల్‌ఆర్-5 గ్రేడు వస్తే బయాప్సీ లేకుండానే క్యాన్సర్‌గా తేల్చి చికిత్సకు వెళ్లవచ్చు. 10 మి.మీ. కంటే చిన్న గడ్డకు ఆ గ్రేడు ఇవ్వరు. లివర్ బాగున్న మనిషిలో అచ్చం అలాంటి బొమ్మే వచ్చినా ఈ గ్రేడు వర్తించదు. అందుకే స్కాన్ చీటీ మీద 'సిరోసిస్ ఉంది' అన్న రెండు మాటలు ఖరీదైన యంత్రం కంటే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం.

రేడియేషన్ మాటా చెప్పుకోవాలి. పొట్టకు ఒక్క విడత సీటీ దాదాపు 8 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ఏడాదికి మనకు అందే ప్రపంచ సగటు 2.4. సిరోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకోసారి చేసే నిఘాకు అల్ట్రాసౌండే వాడటానికి ఇదో కారణం. ఇక కిడ్నీ వడపోత (ఈజీఎఫ్‌ఆర్) 30 కంటే తగ్గితే కాంట్రాస్ట్ మందు ఇచ్చే ముందు డాక్టర్లు మళ్లీ ఆలోచిస్తారు.

పాత స్కాన్ సీడీ పారేయకండి. 6 నెలల్లోపు గడ్డ సగానికి సగం పెరిగితే, అంటే 12 మి.మీ. కాస్తా 18 అయితే, అదీ గ్రేడు లెక్కలోకి వస్తుంది. పాత బొమ్మ పక్కన పెట్టుకుని కొలిస్తేనే ఆ తేడాను నమ్మొచ్చు.